మాచర్ల బండి నీళ్ళు తాగిన రోజు

పోయిన వేసవిలో మా అమ్మాయి బలవంతం మీద ఊటీ వెళ్ళాను. కొండెక్కే చిన్న రైలు ఎక్కి తీరాలని దాని పట్టుదల. రెండు నెలల ముందు నుంచీ ఫోనులో వెతికి వెతికి టికెట్లు సంపాదించింది. తెల్లవారకముందే నన్ను లేపి, స్వెటర్ తొడిగించి, స్టేషన్‌కు లాక్కుపోయింది. అక్కడ జనం పెళ్ళికొచ్చిన వాళ్ళలా తయారై ఉన్నారు. నీలం రంగు పెట్టెలకు ఆనుకుని నిలబడి ఫోటోలు దిగుతున్నారు. ఒక పక్కన ఇంజన్ బుసలు కొడుతూ నీళ్ళు పట్టుకుంటోంది. మా వెనక సీట్లో ఒక పెద్దాయన మనవళ్ళను కూర్చోబెట్టుకుని, "దీన్ని నారోగేజ్ అంటారర్రా, మ్యూజియంలో పెట్టాల్సిన బండి ఇది" అని చెబుతుంటే, అటుగా పోతున్న రైల్వే ఉద్యోగి ఆగి, నారోగేజ్ కాదు మీటర్ గేజ్ అనీ, రెండు పట్టాల మధ్య దూరం కచ్చితంగా ఒక మీటరనీ, ఇలాంటి బండి చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారనీ ఇంగ్లీషులో సరిదిద్దాడు.

నాకు నవ్వు ఆగలేదు. మా అమ్మాయి కంగారుపడి, "ఏంటమ్మా?" అంది. "ఏమీ లేదే, ఇంతే వెడల్పు పట్టాల మీద నేను రెండేళ్ళు కాలేజీకి పోయాను. పెరుగు కుండల మధ్య కూర్చుని. అప్పుడు మమ్మల్ని ఎవరూ ఫోటో తియ్యలేదు" అన్నాను. అది నమ్మినట్టు కనపడలేదు. బండి కదిలింది. ఇప్పుడా ఇంజన్‌ను నూనెతో నడుపుతున్నారట, బొగ్గు పొగ వాసన లేదు. అయినా పెట్టె ఊగే తీరు మాత్రం అదే. ఉట్టిలో కూర్చున్నట్టు, ఎడమకు రెండుసార్లు, కుడికి ఒకసారి. ఆ ఊపులో కొండలూ లోయలూ నాకేమీ కనపడలేదు. పల్నాడు ఎండ కనపడింది.

గుంటూరు నుంచి మాచర్ల పోయే లైను ఆ రోజుల్లో మీటర్ గేజే. ఆ మాట మాకు తెలియదు. దాన్ని చిన్న లైను అనేవాళ్ళం, బండిని మాచర్ల బండి అనేవాళ్ళం. మాచర్ల నుంచి వస్తుంటే పిడుగురాళ్లకు ఇవతల ఉండేది మా ఊరు. ఒక గది స్టేషన్, ముందు రెండు సిమెంటు బల్లలు, ఒక వేపచెట్టు. మా ఇంట్లో గోడ గడియారం లేదు, అవసరమూ రాలేదు. పొద్దుటి బండి దూరాన కూత వేస్తే అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది. బండి స్టేషన్ వదిలిందంటే బియ్యం కడిగి పోసేది. దాంతో బండి గంట ఆలస్యమైతే ఆ రోజు మా ఇంట్లో అన్నం కూడా గంట ఆలస్యం. బండి వచ్చే వేళకు దండెం మీద బట్టలు తీసెయ్యాలి, లేకపోతే బొగ్గు నలుసులు పడి మచ్చలయ్యేవి. గాలి ఎటు వీస్తే అటు వాసన మా ఊరికి. ఒక వైపు నుంచి సున్నపు బట్టీల ఘాటు, ఒక వైపు నుంచి కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల కారం, పూటకోసారి ఈ రెంటినీ కమ్మేస్తూ బొగ్గు పొగ. ఊళ్ళోకి కొత్తగా వచ్చినవాళ్ళు దగ్గుతుంటే మాకు ఎందుకో అర్థమయ్యేది కాదు.

మా తాతయ్య సాంబయ్య రైల్వేలో కీమేన్‌గా చేసి రిటైరైన మనిషి. పట్టాల్ని చెక్క దిమ్మలకు బిగించే ఇనుప చీలలు వదులు కాకుండా చూడటం కీమేన్ పని. పొడవాటి పిడి ఉన్న సుత్తి భుజాన పెట్టుకుని, రోజూ మైళ్ళకు మైళ్ళు పట్టాల మీద నడవాలి, అనుమానం వచ్చిన చీలనల్లా కొట్టి చూడాలి. ముప్పై ఏళ్ళు అదే పని చేశాక ఆయనకు ప్రతిదాన్నీ కొట్టి చూసే అలవాటైపోయింది. సంతలో కుండ, మంచం కోడు, కొత్తగా వేసిన తలుపు, దేన్నైనా వేలి కణుపుతో ఒక దెబ్బ కొట్టి, చెవి అటు పెట్టి వినేవాడు. మా చిన్నాన్నకు పెళ్ళిచూపులకని పోయి, ఆ పిల్ల వాళ్ళింట్లో పీటను కూడా కొట్టి చూశాడని మా ఇంట్లో చెప్పుకుని నవ్వేవాళ్ళు. మా లైను పుట్టుక గురించి ఆయన చెప్పేదంతా వాళ్ళమ్మ నోటి నుంచి విన్నదే. కట్ట పోసేటప్పుడు ఆవిడ చంకలో ఈయన్ను పెట్టుకుని గంపలతో మట్టి మోసిందట. మొదటి ఇంజన్ వచ్చిన రోజు ఊరంతా కొబ్బరికాయలు పట్టుకుని పోయి, అది ఆవిరి వదలగానే కాయలు అక్కడే పడేసి చేలకడ్డం పడి పరుగెత్తారట. "మా అమ్మ మాత్రం కదల్లా. నేను మోసిన మట్టి మీద నిలబడి నన్నే బెదిరిస్తదా అని నిలబడింది" అని ఆయన ప్రతిసారీ గొప్పగా ముగించేవాడు.

ఇంతటి రైలు భక్తుడికి పుట్టిన మా నాన్న లారీ డ్రైవరు. వెంకటేశ్వర్లు అని ఆయన పేరు. పద్దెనిమిదేళ్ళప్పుడు తాతయ్య బతిమాలి ఎవరితోనో చెప్పించి రైలు పట్టాలు బాగుచేసే గ్యాంగులో పని చూస్తే, మొదటి రోజే చెప్పకుండా పోయి ఒక లారీలో క్లీనరుగా చేరాడట. అప్పటి నుంచీ తండ్రీ కొడుకుల మధ్య రైలూ లారీల యుద్ధం. నాన్న పిడుగురాళ్ల క్వారీల నుంచి బట్టీలకు, ఒక్కోసారి దూరపు ఫ్యాక్టరీలకు సున్నపురాయి తోలేవాడు. ఒంటి మీద, కనుబొమల మీద, మీసాల మీద తెల్లటి పొడి. ఇంటికి రాగానే అమ్మ చీపురుతో దులిపి గానీ లోపలికి రానిచ్చేది కాదు. ఇద్దరూ పట్టుదల మనుషులే. ఒకరి పని గురించి ఒకరు వెటకారంగా తప్ప మాట్లాడుకోగా నేను వినలేదు. అన్నం దగ్గర కూడా అమ్మే మధ్యలో కూర్చునేది.

నేను పదో తరగతి మంచి మార్కులతో పాసయ్యాను. నాకు కావలసిన గ్రూపు సత్తెనపల్లి కాలేజీలో ఉంది. రోజూ పోయి రావాలంటే పొద్దుటి బండి, సాయంత్రం బండి. ఆ మాట ఎత్తగానే నాన్న కంచం పక్కకు జరిపాడు.

"ఆ బండిని నమ్ముకుంటే చదువయ్యేలోగా పిల్లకి జుట్టు నెరిసిద్ది."

"నీ లారీ ఎక్కితే పళ్ళూడతయ్యి" అన్నాడు తాతయ్య.

"నా లారీ చెప్పిన టయానికి పోయిద్ది. నీ బండి ఏ రోజన్నా పోయిందా?"

"ఆలస్యంగా పోయిద్ది గానీ పోకుండా ఉండదు. ఇన్నేళ్ళలో ఈ లైను మీద మా మాచర్ల బండి ఎవర్నీ దారిలో వదిలేసి రాలా."

అమ్మ ఇద్దరికీ మజ్జిగ పోస్తూ, "పిల్ల చదువు సంగతి మాట్లాడండి, ఇంజన్ల సంగతి తర్వాత" అంది. చివరికి నాన్న ఒక మాట మీద ఒప్పుకున్నాడు. క్లాసులు పోతే పోనీ, బండి మూలంగా ఒక్క పరీక్ష తప్పిపోయిందంటే మాత్రం ఆ రోజుతో కాలేజీ బందు. తాతయ్య మీసం దువ్వి, "పోతే నన్నడుగు" అన్నాడు. నా చదువు పందెంలో పెట్టిన గిత్త అయిందని నాకు కొంచెం కోపం వచ్చింది గానీ, కాలేజీకి పోతున్నానన్న సంతోషంలో అది నిలవలేదు.

ఆ రెండేళ్ళూ నేను నిజంగా చదువుకున్నది ఆడవాళ్ళ పెట్టెలో. చెక్క బల్లలు, చెక్క కిటికీలు, నేల నిండా బుట్టలు. మిరపకోతలకు పోయే కూలీలు, ఆకుకూరలు అమ్మేవాళ్ళు, ఆసుపత్రికి పోయే బాలింతలు. అందరికీ పెద్ద మా ఊరి నాగమ్మత్త. సత్తెనపల్లిలో వాడిక ఇళ్ళకు పెరుగు పోసేది. తలుపు పక్కన కుండలు వరసగా పెట్టుకుని, మోకాళ్ళతో వాటికి కాపు కాసుకుని కూర్చునేది. నా కోసం కిటికీ పక్కన చోటు ఉంచేది. "గట్టిగా చదవవే, మేమూ వింటాం" అనేది. నేను జువాలజీ పైకి చదువుతుంటే పెట్టెంతా వినేది. ఒకరోజు నన్ను ఆపి, "ఏమే కోటేశ్వరీ, కప్పకి గుండెకాయలో మూడు గదులన్నావే, మరి మనుషులకో?" అంది. నాలుగు అత్తా అన్నాను. "మా ఇంటాయన్ని కోసి చూడాల. ఒక్కటన్నా ఉందో లేదో!" అనగానే పెట్టె ఘొల్లుమంది. ఇప్పటికీ నేను ఆ పాఠం చెప్పేటప్పుడు బోర్డు వైపు తిరిగి నవ్వుకుంటాను.

రెండో ఏడు పరీక్షలు వచ్చాయి. తాతయ్య ప్రతి పరీక్షకూ తెల్ల పంచె కట్టుకుని నాతో బయల్దేరేవాడు. మా పెట్టె పక్క పెట్టెలో ఎక్కి, ప్రతి స్టేషన్లోనూ దిగి, ఇంజన్ దాకా పోయి చూసి వచ్చేవాడు. నాలుగు పరీక్షలు చక్కగా జరిగాయి. జువాలజీ రోజున బండి మా స్టేషన్‌కు సరైన టైముకే వచ్చేసరికి నాగమ్మత్త బుగ్గలు నొక్కుకుంది, ఏదో కీడు జరగబోతోందని. దారిలో ఇంజన్ నీళ్ళు పట్టుకునే స్టేషన్లో ఆ పొద్దున కరెంటు లేదు, పైనున్న ట్యాంకు ఎండిపోయి ఉంది. డ్రైవర్ మస్తాన్ గారు ఉన్న నీళ్ళతో సత్తెనపల్లి చేరగలమని లెక్క వేసుకుని బండి తీశారు. ఆరేడు మైళ్ళు పోయామో లేదో, బండి వేగం తగ్గుతూ తగ్గుతూ, దాహమైన ఎద్దు కాలవ గట్టున ఆగినట్టు, ఒక క్వారీ పక్కన ఆగిపోయింది.

మొదట ఎవరూ పట్టించుకోలేదు. బండి ఆగడం మాకు కొత్త కాదు. కాసేపటికి మగవాళ్ళు దిగి ముందుకు పోయారు. తాతయ్య నా కిటికీ కిందకు వచ్చాడు. "నీళ్ళయిపోయినయ్యి. ఇంకాస్త తగ్గితే బాయిలర్ పాడవుద్దని మంట దించేస్తారంట. దించితే గుంటూరు నుంచి ఇంకో ఇంజన్ రావాల" అన్నాడు. అది వచ్చేసరికి మధ్యాహ్నం. పరీక్ష తొమ్మిదింటికి. బండిలో నాలాంటి పరీక్ష పిల్లలం పదకొండుమందిమి ఉన్నాం. ఒకమ్మాయి అప్పుడే ఏడుపు మొదలుపెట్టింది. నాకు ఏడుపు రాలేదు గానీ, ఇక జువాలజీతో పాటు అన్నీ అయిపోయాయనిపించింది. పుస్తకం మూసేశాను.

తాతయ్య మాత్రం అటు క్వారీ గుంట వైపే చూస్తున్నాడు. రాయి తీసిన చోట వాన నీళ్ళు నిలిచి, ఎండలో పచ్చగా నీలంగా మెరుస్తున్నాయి. ఆయన గబగబా ఇంజన్ దగ్గరకు నడిచాడు. నేనూ వెనకే పరుగెత్తాను.

"మస్తాన్ గారూ, నీళ్ళు ఎదురుగా పెట్టుకుని దాహమంటారేంది?"

మస్తాన్ గారు తల అడ్డంగా ఊపారు. "సాంబయ్య గారూ, అవి సున్నపురాయి నీళ్ళు. పోస్తే బాయిలర్లో గార కట్టిద్ది. రేపు పైవాళ్ళకి నేను జవాబు చెప్పుకోవాల."

"సత్తెనపల్లి దాకా పోయేలోపు ఏం గార కడతది? షెడ్డుకి పోయాక కడిగించండి. పదకొండుమంది పరీక్ష పిల్లలున్నారు."

మస్తాన్ గారు మా వైపు చూశారు. పట్టాల పక్కన కంకర మీద పుస్తకాలు పట్టుకుని వరసగా నిలబడ్డాం. ఆయన టోపీ తీసి, తల గోక్కుని, మళ్ళీ పెట్టుకున్నారు. "సరే, పొయ్యండి. ఎవరన్నా అడిగితే దారిలో వానొచ్చిందని చెప్తా" అన్నారు. ఆకాశంలో మేఘం ముక్క లేదు.

నీళ్ళు ఉన్నాయి, మొయ్యటానికి ఏముంది? అప్పుడు నాగమ్మత్త తన పెరుగు కుండల వైపు చూసుకుంది. ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "రండే, గిన్నెలూ కారేజీలూ తీయండి! పెరుగు పోయించుకుని కుండలు ఖాళీ చెయ్యండి!" అని కేక పెట్టింది. ఆ పొద్దున బండిలో పెరుగు తాగనివాడు లేడు. దోసిళ్ళలో, టిఫిన్ కారేజీ మూతల్లో, ఒకాయనైతే గొడుగు తిరగేసి పట్టాడు. గుంట నుంచి ఇంజన్ దాకా జనం బారులు తీరారు. క్వారీలో రాయి కొట్టేవాళ్ళు తమ డబ్బాలు, బకెట్లు పట్టుకొచ్చారు. కుండ చేతి నుంచి చేతికి ఎక్కిపోతోంది. బొగ్గు వేసే ఫైర్‌మన్ ఇంజన్ నీళ్ళ తొట్టి పైన కూర్చుని పోయించుకుంటూ, ఒక కుండలోకి తొంగిచూసి, "అమ్మా, కుండలు కడిగి పంపండి, ఇంజన్ తోడుకుంటది!" అని మొత్తుకున్నాడు.

సరిగ్గా అప్పుడు క్వారీ బాట మీద లారీ హారన్ వినపడింది. మా నాన్నే. రాయి ఎత్తుకుని సత్తెనపల్లి వైపు పోతూ, ఆగిన బండినీ దాని చుట్టూ తిరునాళ్ళనూ చూసి దిగి వచ్చాడు. తడిసిన పంచె ఎగ్గట్టుకుని కుండలు అందిస్తున్న తాతయ్యను చూశాడు.

"ఏంది, పడుకుందా నీ బండి?"

"పడుకోలా. దాహమేసింది."

నాన్న ఇంకేదో అనబోయి, నా ముఖం చూసి ఆగిపోయాడు. "కోటేశ్వరీ, లారీ ఎక్కు. పరీక్ష పిల్లలందర్నీ ఎక్కమను. రాళ్ళ మీద కూకుంటే గంటలో దింపుతా" అన్నాడు. నేను తాతయ్య వైపు చూశాను. ఆయన చేతిలో కుండ అలాగే ఉంది. ఇన్నేళ్ళ మాట పోతోందని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. "పో అమ్మాయ్, పరీక్ష ముఖ్యం" అన్నాడు మెల్లగా. నువ్వూ రా తాతయ్యా అంటే, "బండిని దారిలో వదిలి నేనెట్టా వస్తా?" అని కుండ పక్కవాడికి అందించాడు. లారీ కదులుతుంటే వెనక్కి తిరిగి చూశాను. పెద్ద పరుగు పందెంలో ఆయన్ను వదిలేసి నేనొక్కదాన్నే ఉరుకుతున్నట్టు సిగ్గేసింది.

రాళ్ళ మీద ప్రయాణం గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. రోడ్డంతా గోతులు. పదకొండుమందిమీ ఒకళ్ళ చేతులొకళ్ళు పట్టుకుని కూర్చున్నాం. పావుగంటలో అందరి తలలూ తెల్లబడ్డాయి. నాన్న అన్న మాట నిజమైంది గానీ, జుట్టు నెరిసింది లారీలో. అయినా లారీ గట్టిగానే పోతోంది. సత్తెనపల్లి ఇంకా నాలుగైదు మైళ్ళు ఉందనగా మలుపు తిరిగి ఆగింది. ఎదురుగా రైలు గేటు. వేసి ఉంది. మా ముందు లారీలు, బస్సు, మిరపకాయల ట్రాక్టర్లు, ఎడ్లబండ్లు. రోడ్డుకు అటూ ఇటూ రెండు వరసల్లో నిండిపోయి, గేటవతల కూడా అదే తంతు. గేటు తీసినా ఎవరూ కదలలేని చిక్కుముడి. నాన్న దిగి గేటుమన్ మీదికి పోయాడు. ఆ గొంతు మాకు పైన కూర్చున్నా వినపడింది.

"ఏ బండికేశావయ్యా గేటు?"

"మాచర్ల పాసింజరుకి."

"అది నీళ్ళు లేక క్వారీ కాడ పడుంది! నా కళ్ళతో చూసొచ్చా!"

"ఏమో, వెనక స్టేషన్లో బయల్దేరిందని ఎప్పుడో ఫోనొచ్చింది. ఎయ్యమన్నారు, ఏశా."

నాన్న పట్టాల వెంట వెనక్కి చూశాడు. మేం పైన నవ్వాలో ఏడవాలో తెలియక ఒకళ్ళ ముఖాలొకళ్ళం చూసుకున్నాం. ఎనిమిదింబావు దాటింది. అప్పుడు కూత వినపడింది. మలుపులోంచి మా బండి, తాపీగా, తడి కారుతూ వస్తోంది. ఇంజన్ మెట్టు మీద తాతయ్య, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో కండువా ఊపుతున్నాడు. తెల్లటి తలలతో రాళ్ళ మీద నిలబడ్డ మమ్మల్ని ఆయన ముందే చూశాడు. మస్తాన్ గారు గేటు దగ్గర బండి ఆపేశారు. అలా ఆపకూడదని ఆయనకూ తెలుసు. వానొచ్చిన లెక్కలోనే ఇదీ రాసుకుని ఉంటారు.

"దిగండర్రా! వచ్చి ఎక్కండి!" అని తాతయ్య అరిచాడు. మేం లారీ దిగి, గేటు కింద దూరి పరుగెత్తాం. అక్కడ ప్లాట్‌ఫారం లేదు, పెట్టె మెట్టు నా ఛాతీ ఎత్తున ఉంది. నాగమ్మత్త నా రెక్క పట్టుకుని, మునగకాయ తెంపినట్టు ఒక్క గుంజు గుంజి లోపల పడేసింది. వెనక్కి తిరిగి చూస్తే నాన్న గేటు దగ్గరే ఉన్నాడు. తాతయ్య మెట్టు మీద నుంచి ఆయన్నే చూస్తున్నాడు. వెటకారం చెయ్యటానికి అంతకంటే మంచి సమయం జన్మలో దొరకదు.

"ఒరేయ్ ఎంకటేశ్వర్లూ, నువ్వూ రారా. ఆ లారీ ఇంక మధ్యాహ్నానికి గానీ కదల్దు" అన్నాడు. అంతే అన్నాడు.

నాన్న ఒకసారి లారీ వైపు చూసి, తాళంచెవి క్లీనరు వైపు విసిరి, దారి తీశాక రాయి నువ్వే దింపి రా అని చెప్పి, పరుగెత్తుకొచ్చి ఇంజన్ వెనక పెట్టె పట్టుకున్నాడు. గ్యాంగులో పని వదిలేసి పోయాక ఆయన ఆ బండి ఎక్కడం అదే మొదటిసారని తర్వాత అమ్మ చెప్పింది. స్టేషన్ నుంచి కాలేజీకి మమ్మల్ని ఆయనే ఉరికించాడు. హాల్లో అడుగుపెట్టేసరికి గంట కొట్టి అయిదు నిమిషాలైంది. పరీక్ష గదిలో పర్యవేక్షణకు ఉన్న మేడమ్ మా తలలు చూసి, "ఏమిటమ్మా ఇది, నాటకం వేసి వచ్చారా?" అని, పేపర్లు ఇచ్చి కూర్చోమంది. మొదటి ప్రశ్న, గుండె నిర్మాణం. నాగమ్మత్త ఇంటాయన గుర్తొచ్చాడు. పేజీలు నింపేశాను.

తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. పాసయ్యాను, డిగ్రీ చదివాను, జువాలజీ టీచరునయ్యాను, నరసరావుపేటలో స్థిరపడ్డాను. కొన్నేళ్ళకు పెద్ద లైను వేశారు. చిన్న పట్టాలు పీకి తీసుకుపోయారు. కొత్త బండ్లు వేగంగా పోతాయి, బొగ్గు నలుసులు లేవు, టైముకు వస్తాయి. వాటిని తప్పుపట్టడానికి నాకేమీ లేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో పరీక్షకు రాలేకపోయిన పిల్లల్ని చూసినప్పుడల్లా మంచి రోడ్లూ మంచి బండ్లూ ఎంత అవసరమో నాకంటే ఎక్కువ ఎవరికి తెలుస్తుంది? ఇప్పుడు మా ఊరికి కారులో పోతాను. ఆ గేటు ఉన్నచోట పైనుంచి వంతెన వేశారు, ఆగాల్సిన పని లేదు. ఒక్కోసారి దారిలో లారీ అడ్డం పడి గంటసేపు ఆగిపోతే మాత్రం, అటూ ఇటూ కార్లలో జనం అద్దాలు ఎత్తుకుని ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటూ ఉంటారు. అప్పుడు కూడా ఎవరి తొందర వాళ్ళకుంటుంది. కానీ పక్క కారులో పరీక్షకు పోయే పిల్ల ఉందో లేదో నాకు తెలియదు. నేనూ అద్దం దించి అడగను.

ఆ మధ్యాహ్నం పరీక్ష రాసి స్టేషన్‌కు వచ్చేసరికి నాన్నా తాతయ్యా ఒకే బల్ల మీద కూర్చుని ఉన్నారు. నాగమ్మత్త ఖాళీ కుండలు పక్కన పెట్టుకుని, గోడకానుకుని నిద్రపోతోంది. ఆ రోజు వాడిక ఇళ్ళకు ఆవిడ పెరుగు పొయ్యలేదు. మర్నాడు ఇంటింటికీ కథ చెప్పుకుంటూ తిరిగి వాళ్ళను నవ్వించి వచ్చిందట. నేను పక్కన చతికిలబడి అమ్మ కట్టిచ్చిన అన్నం విప్పుకున్నాను. వాళ్ళిద్దరూ నన్ను గమనించలేదు. తాతయ్య ముందుకు వంగి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని అడుగుతున్నాడు.

"అయితే శ్రీశైలం కొండ దిగేటప్పుడు లోడు వెనక నుంచి తోస్తంటే ఎట్టా ఆపుతావురా?"

"బ్రేకు మీద నిలబడితే వేడెక్కి పట్టదు నాయనా. చిన్న గేరులో ఏసి, ఇంజన్ మీదే దింపుకోవాల."

"నీకు భయమెయ్యదూ?"

నాన్న మీసాల మీది తెల్లపొడి దులుపుకున్నాడు. తర్వాత, "మొదట్లో చానా ఏసేది" అన్నాడు. పదిహేనేళ్ళుగా ఆయన లారీ తోలుతున్నాడు. ఆ ప్రశ్న ఆయన్ను ఎవరూ అడిగినట్టు లేదు. ఇక మొదలుపెట్టాడు. కొండ మలుపులు, వానలో జారిన చక్రాలు, అడ్డం వచ్చిన ఎలుగుబంటి, చెట్టు కింద రాయి మీద వండుకున్న అన్నం. తాతయ్య ఊ కొడుతూ, మధ్యమధ్యలో "అబ్బో!" అంటూ వింటున్నాడు. సాయంత్రం బండి గంటన్నర ఆలస్యంగా నడుస్తోందని స్టేషన్ మాస్టరు వచ్చి చెప్పిపోయాడు. ఇద్దరూ తల కూడా ఎత్తలేదు. నీడలు ప్లాట్‌ఫారం దాటి పట్టాల మీదికి సాగాయి. నాగమ్మత్త నిద్ర లేచి, కుండలు సర్దుకుని, ముఖం కడుక్కుని వచ్చింది. నాన్న ఇంకా సగం కొండ దిగాడో లేదో, అంతలో దూరాన కూత వినపడింది.

నాన్న చిరాగ్గా అటు తిరిగి, "అప్పుడే వచ్చిందేంది!" అన్నాడు.